రెండో జట్టుకు కెప్టెన్‌గా ఉండమంటే...



ఏటా చలికాలం మొదలయ్యే ముందు ప్రతి క్రికెట్ క్లబ్బులోనూ ఒక చిన్న ప్రశ్న పుడుతుంది. "ఈసారి మన రెండో జట్టుకు కెప్టెన్ ఎవరు?" మొదటి జట్టు సంగతి వేరు. ఆ పదవికి పేరుంటుంది, పోటీ ఉంటుంది. రెండో జట్టు మాట రాగానే చాలామంది తల దించుకుని బూటు లేసులు సరిచేసుకుంటారు. చివరికి క్లబ్బు కార్యదర్శి చూపు ఎవరో ఒకరి మీద ఆగుతుంది. "నువ్వుంటావా?"

ఆ చూపు మీ మీద ఆగితే ఏం జవాబు చెప్పాలి? ఈ వ్యాసం దాని గురించే. పాఠశాల హౌస్ జట్టు కావచ్చు, కాలనీ క్లబ్బు 'బి' జట్టు కావచ్చు, ప్రశ్న మాత్రం ఒకటే. అమ్మానాన్నల ఉద్యోగంతో పాటు ఊళ్లు మారే మనలాంటి వారికి అందులో మరో మెలిక కూడా ఉంది. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ఆటల ఊరు

మనమిప్పుడు ఉంటున్న జంషెడ్‌పూర్ ఉక్కు ఊరని అందరికీ తెలుసు. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడింది. 1912లో ఇక్కడ మొదటి ఉక్కు తయారైంది. 1919లో ఈ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. కర్మాగారం పనికి దేశం నలుమూలల నుంచీ మనుషులు వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన తెలుగువారు కూడా ఎందరో ఉన్నారు. బిష్టుపూర్‌లోని రామమందిరం దగ్గర, కద్మా వీధుల్లో ఈనాటికీ ఉత్తరాంధ్ర యాస వినిపిస్తుంది.

ఇది ఆటల ఊరు కూడా. ఉక్కు సంస్థ జనరల్ మేనేజరుగా పనిచేసిన కీనన్ పేరుతో 1939లో ఇక్కడ స్టేడియం వెలిసింది. 1983 నుంచి 2006 వరకు ఆ స్టేడియంలో అంతర్జాతీయ వన్డేలు జరిగాయి. ఈ ఊళ్లో ఆడి పెరిగిన సౌరభ్ తివారి, వరుణ్ ఆరన్ భారత జట్టు దాకా వెళ్లారు.

కానీ కీనన్ స్టేడియానికీ, మన కాలనీ మైదానానికీ మధ్య పొడవైన నిచ్చెన ఉంది. ఆ నిచ్చెన కింది మెట్ల మీదే ఎక్కువమంది ఆడతారు. అక్కడి జట్లకు టీవీ కెమెరాలు ఉండవు, వాటి స్కోర్లు పేపర్లో రావు. అయినా ఆ జట్టుకూ పదకొండు మంది కావాలి. ఆ పదకొండు మందికీ ఒక కెప్టెన్ కావాలి.

అసలు పని ఏమిటి?

ఒప్పుకోవాలా వద్దా అని తేల్చుకునే ముందు ఆ పనేమిటో తెలుసుకోవాలి. కెప్టెన్ అంటే టాస్ వేసేవాడు, ఫీల్డర్లను అటూ ఇటూ జరిపేవాడు అనుకుంటాం. అది సగమే.

క్రికెట్ నియమావళిలో మొదటి నియమమే కెప్టెన్ మాట ఎత్తుతుంది. జట్టుకు పదకొండు మంది, వారిలో ఒకరు కెప్టెన్. టాస్‌కు ముందే తన ఆటగాళ్ల పేర్లు కాగితం మీద రాసి అంపైరుకు ఇవ్వాల్సింది కెప్టెనే. కెప్టెన్ అందుబాటులో లేకపోతే ఆ స్థానంలో మరొకరు పనిచేయాలని కూడా అదే నియమం చెబుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మనకు మళ్లీ అవసరమవుతుంది. బ్యాటింగ్ ముగిస్తున్నామని డిక్లేర్ చేసే హక్కు కెప్టెన్‌ది. తన జట్టు న్యాయంగా ఆడేలా చూసే బాధ్యత కూడా కెప్టెన్‌దే.

ఇవి పుస్తకంలో ఉన్న పనులు. కింది జట్టు కెప్టెన్‌కు పుస్తకంలో లేని పనులే ఎక్కువ. శనివారం సాయంత్రం అందరికీ ఫోన్లు చేయాలి. రేపు వచ్చేది ఎవరు, రానిది ఎవరు? మన ఊళ్లో ఈ ప్రశ్నకు జవాబు కర్మాగారం షిఫ్టుల్లో ఉంటుంది. పొద్దున ఆరింటికి మొదలయ్యేది ఎ షిఫ్టు, మధ్యాహ్నం రెండింటికి బి షిఫ్టు, రాత్రి పదింటికి సి షిఫ్టు. సి షిఫ్టు చేసి ఆరింటికి గేటు దాటి, ఇంటికి వెళ్లి ముఖం కడుక్కుని, ఎనిమిదింటికి మైదానానికి వచ్చే బౌలరు ఉంటాడు. ఆయనకు మొదటి ఓవరు ఇవ్వాలా, ఒక గంట స్లిప్‌లో నిలబెట్టి తర్వాత ఇవ్వాలా? ఇది ఏ నియమావళిలోనూ దొరకదు. ఆయన ముఖం చూసి తెలుసుకోవాలి.

కిట్ బ్యాగు ఎవరింట్లో ఉందో తెలియాలి. బంతికి, మ్యాటింగ్‌కు చందాలు అడగాలి. పదకొండో మనిషి దొరక్కపోతే తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చిన అన్నయ్యను బతిమాలి దింపాలి. స్కోరు బుక్కు దగ్గర ఎవరో ఒకరు కూర్చునేలా చూడాలి. ఆట అయ్యాక స్టంపులు లెక్కపెట్టాలి.

ఇక మైదానంలో పని. 30 ఓవర్ల మ్యాచ్ అనుకుందాం. ఒక్కో బౌలరు మొత్తం ఓవర్లలో ఐదో వంతుకు మించి వేయకూడదన్నది ఇలాంటి మ్యాచ్‌లలో మామూలు నిబంధన. అంటే ఒక్కరికి 6 ఓవర్లు. ఐదుగురు బౌలర్లు పూర్తిగా వేస్తే 30 సరిపోతాయి. కానీ ఐదుగురిలో ఒకరు రెండు ఓవర్లలోనే పాతిక పరుగులు ఇచ్చేస్తే? మిగతా నాలుగు ఓవర్లు వేయడానికి ఆరో చెయ్యి కావాలి. ఆ ఆరోవాడెవరో మ్యాచ్ మధ్యలో వెతుక్కునేవాడికీ, గురువారం నెట్స్‌లోనే చూసి పెట్టుకునేవాడికీ చాలా తేడా ఉంది.

జట్టులో గొప్ప ఆటగాడే కెప్టెన్ కావాలా?

"నాకు అంత బాగా ఆడడం రాదు, నేనేం కెప్టెన్‌ని?" అని చాలామంది వెనక్కి తగ్గుతారు. ఇంకొందరు "నేనే అందరికంటే బాగా ఆడతాను, కాబట్టి నేనే ఉండాలి" అంటారు. ఈ రెండు మాటలూ పక్కన పెట్టి చరిత్ర చూద్దాం.

ఇంగ్లండ్ కెప్టెన్ మైక్ బ్రియర్లీ 39 టెస్టులు ఆడినా ఒక్క సెంచరీ కూడా చేయలేదు. బ్యాటింగ్ సగటు 23 కూడా లేదు. కానీ ఆయన నాయకత్వంలో ఇంగ్లండ్ ఆడిన 31 టెస్టుల్లో 18 గెలిచి, 4 మాత్రమే ఓడింది. తనకంటే గొప్ప ఆటగాళ్ల నుంచి వాళ్ల ఆటను బయటికి తీయడం ఆయనకు తెలుసు.

మన దేశంలో ఇంకా ఆసక్తికరమైన కథ ఉంది. 1932లో భారత జట్టు మొట్టమొదటి టెస్టు ఆడడానికి ఇంగ్లండ్ వెళ్లింది. ఆ కాలంలో జట్టుకు నాయకుడంటే రాజవంశీకుడే ఉండాలన్న పట్టింపు ఉండేది. ఆ పర్యటనకు పోర్‌బందర్ మహారాజా కెప్టెన్. ఆయన మామూలు ఆటగాడు, ఆ సంగతి ఆయనకే తెలుసు. జూన్ 25న లార్డ్స్‌లో టెస్టు మొదలయ్యే వేళకు ఆయన తప్పుకున్నారు. ఉపనాయకుడు కూడా ఆడలేదు. దాంతో భారతదేశపు మొదటి టెస్టు కెప్టెన్ అయ్యే గౌరవం నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన కొఠారి కనకయ్య నాయుడికి దక్కింది. ఆయననే మనం సి.కె. నాయుడు అంటాం. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా ఆ టెస్టు మొదటి ఇన్నింగ్స్‌లో 40 పరుగులు చేసి మన జట్టులో ఎక్కువ స్కోరు ఆయనే చేశారు. ఆ మ్యాచ్ మనం 158 పరుగుల తేడాతో ఓడిపోయాం. అయినా మన ఆట ప్రపంచానికి తెలిసింది.

నాలుగేళ్ల తర్వాత, 1936లో, మళ్లీ ఇంగ్లండ్ పర్యటన. ఈసారి కెప్టెన్ కూడా తెలుగు నేలకు చెందినవారే, విజయనగరం రాజవంశీకుడు విజయానంద గజపతిరాజు. క్రికెట్ లోకం ఆయనను 'విజ్జీ' అని పిలిచేది. ఆట మీద ఆయనకు ప్రేమ లేదనలేం. అంతకుముందు జాక్ హాబ్స్, సట్‌క్లిఫ్ లాంటి మహామహులను ఇంగ్లండ్ నుంచి పిలిపించి మన దేశంలో ఆడించినవారు ఆయనే. కానీ టెస్టు జట్టును నడిపే ఆట ఆయన దగ్గర లేదు. పక్కనే సి.కె. నాయుడు ఉన్నా ఆయన తప్పుకోలేదు. మూడు టెస్టులకూ తానే కెప్టెన్‌గా ఉండి, అన్నీ కలిపి 33 పరుగులు చేశారు. లాలా అమర్‌నాథ్ లాంటి ఆటగాణ్ణి పర్యటన మధ్యలోనే ఇంటికి పంపేశారు. జట్టు వర్గాలుగా చీలింది. మూడింటిలో రెండు టెస్టులు ఓడిపోయాం.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడండి. బ్యాట్ పట్టినప్పుడు పోర్‌బందర్ మహారాజా విజ్జీ కంటే గొప్పవాడేమీ కాదు. కానీ జట్టుకు ఏది మంచిదని ఆలోచించారు. తనకు ఏం దక్కుతుందన్నది పక్కన పెట్టారు. కెప్టెన్‌గా ఉండాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు మనం వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న అదే. "నేనుంటే ఈ పదిమందికీ ఆట మెరుగవుతుందా?" అవుతుందనిపిస్తే, మీ బ్యాటింగ్ సగటు చూసి బెదిరిపోనక్కర్లేదు. కాదనిపిస్తే, ఎంత బాగా ఆడినా పదవి కోసం ఎగబడనక్కర్లేదు.

కింది జట్టు అంటే చిన్నతనమా?

"పేరు గొప్ప, ఊరు దిబ్బ" అన్నట్టు, కెప్టెన్ అనే మాట గొప్పగా ఉన్నా 'బి' జట్టుకు అనేసరికి కొందరికి చిన్నతనంగా ఉంటుంది. స్నేహితులు నవ్వుతారేమోనని భయం.

హైదరాబాద్ రంజీ జట్టుకు ఎం.ఎల్. జయసింహ పదేళ్లకు పైగా కెప్టెన్‌గా ఉన్నారు. ఆయనకు భారత జట్టు కెప్టెన్సీ ఎప్పుడూ రాలేదు. మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ 1962లో ఇరవై ఒక్క ఏళ్లకే భారత కెప్టెన్ అయ్యారు. ఆ పటౌడీ తర్వాత హైదరాబాద్ తరఫున ఆడడానికి వచ్చి జయసింహ కింద ఆడారు. అంటే టెస్టుల్లో పటౌడీ చెబితే జయసింహ విన్నారు, రంజీలో జయసింహ చెబితే పటౌడీ విన్నారు. పైనా కిందా అన్న లెక్క ఇద్దరిలో ఎవరికీ అడ్డు రాలేదు.

సి.కె. నాయుడు కథ ఇంకా ముందుకు వెళుతుంది. 1953-54లో ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో మొదటిసారి అడుగుపెట్టింది. కొత్త జట్టు, అనుభవం లేని జట్టు. దానికి కెప్టెన్‌గా వచ్చింది దేశపు మొదటి టెస్టు కెప్టెన్ నాయుడే. అప్పటికి ఆయన వయసు 58. లార్డ్స్‌లో దేశానికి నాయకత్వం వహించిన మనిషి అప్పుడే నడక నేర్చుకుంటున్న జట్టు ముందు నడవడానికి నామోషీ పడలేదు. కాలనీ రెండో జట్టు ముందు నడవడానికి మనకెందుకు నామోషీ?

నిజానికి కింది జట్టును నడపడమే కష్టం. మొదటి జట్టులో అందరికీ ఆట వచ్చు. రెండో జట్టులో ఎవరుంటారో చూడండి. నిన్నగాక మొన్న బంతి పట్టిన పద్నాలుగేళ్ల కుర్రవాడు. ఒకప్పుడు పై జట్టులో ఆడి, ఇప్పుడు మోకాలు నొప్పితో కిందికి వచ్చిన అంకుల్. పై జట్టు నుంచి ఈ వారమే తీసేస్తే ముఖం మాడ్చుకుని వచ్చిన బ్యాటరు. ఊరికి కొత్తగా వచ్చి ఎవరి పేర్లూ తెలియని అబ్బాయి. వీళ్లందరినీ ఒక జట్టుగా చేయాలి. పైగా వీళ్లలో ఎవరైనా నాలుగు మ్యాచ్‌లు బాగా ఆడితే, శనివారం రాత్రి పై జట్టు వాళ్లు వచ్చి పట్టుకుపోతారు. అప్పుడు కెప్టెన్ ఏడవకూడదు, సంతోషించాలి. పైకి పంపగలిగే ఆటగాణ్ణి తయారుచేయడం కూడా కింది జట్టు కెప్టెన్ పనే.

ఓడిపోయే రోజులు

ఒక విషయం ముందే చెప్పుకుందాం. కింది జట్టు తరచుగా ఓడిపోతుంది. కొన్నిసార్లు ఘోరంగా ఓడిపోతుంది. అలాంటి రోజు మన ఊళ్లోనే ఎంత పెద్దవాళ్లకు వచ్చిందో తెలుసా?

1999 డిసెంబరులో కీనన్ స్టేడియంలో పందొమ్మిదేళ్లలోపు వారి కూచ్ బెహార్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. బీహార్‌కూ పంజాబ్‌కూ పోటీ. జార్ఖండ్ అప్పటికింకా ఏర్పడలేదు కాబట్టి మన ప్రాంతం కుర్రవాళ్లు బీహార్ తరఫునే ఆడేవారు. బీహార్ 357 పరుగులు చేసింది. జట్టులో రాంచీ నుంచి వచ్చిన వికెట్ కీపర్ మహేంద్ర సింగ్ ధోనీ 84 చేశాడు. తర్వాత పంజాబ్ బ్యాటింగ్‌కు దిగింది. యువరాజ్ సింగ్ ఒక్కడే 358 చేశాడు, అంటే బీహార్ మొత్తం జట్టు కంటే ఒకటి ఎక్కువ. పంజాబ్ స్కోరు 839. అంతసేపూ బీహార్ కుర్రవాళ్లు ఎండలో ఫీల్డింగ్ చేస్తూనే ఉన్నారు. ఆ రోజు వికెట్ల వెనుక వంగి లేచిన కుర్రవాడే ఆ తర్వాత దేశానికి ప్రపంచ కప్పులు తెచ్చాడు.

ఇలాంటి రోజున కెప్టెన్ చేయగలిగింది ఏమిటి? "ఆడలేక మద్దెల ఓడు" అన్నట్టు పిచ్ మీద, అంపైరు మీద, బౌలరు మీద నెపం వేయకుండా ఉండడం మొదటిది. దిగాలుగా నిలబడ్డ ఫీల్డరు దగ్గరికి నడిచి వెళ్లి ఒక మాట మాట్లాడడం రెండోది. క్యాచ్ వదిలేసిన కుర్రవాణ్ణి బౌండరీ దగ్గర దాచకుండా, మరో బంతి వెళ్లే చోటే నిలబెట్టడం మూడోది. ఈ మూడూ చేయడానికి గొప్ప ఆటతో పనిలేదు.

ఓటమి ఎదురుగా ఉన్నప్పుడు న్యాయంగా ఉండడం ఇంకా కష్టం. 2011లో నాటింగ్‌హామ్ టెస్టులో ఇంగ్లండ్ బ్యాటరు ఇయాన్ బెల్, బంతి ఇంకా ఆటలో ఉండగానే టీ విరామం వచ్చిందనుకుని క్రీజు వదిలి నడిచాడు. మనవాళ్లు రనౌట్ చేశారు. నియమం ప్రకారం అది అవుటే. కానీ అప్పీలును వెనక్కి తీసుకునే అధికారం, అంపైరు అనుమతితో, ఫీల్డింగ్ జట్టు కెప్టెన్‌కు ఉంటుంది. టీ విరామంలో ధోనీ, జట్టు మాట్లాడుకుని అప్పీలు వెనక్కి తీసుకున్నారు. బెల్ మళ్లీ వచ్చి ఆడాడు. ఆ మ్యాచ్ మనం చిత్తుగా ఓడిపోయాం. అయినా ఆ నిర్ణయాన్ని క్రికెట్ లోకం ఇప్పటికీ తలుచుకుంటుంది. కాలనీ మ్యాచ్‌లో కూడా ఇలాంటి క్షణం వస్తుంది. అక్కడ కెమెరా ఉండదు. ఏం చేయాలో కెప్టెనే చెప్పాలి.

మన సంగతి: బదిలీ వస్తే?

ఇక మొదట్లో చెప్పిన మెలిక దగ్గరికి వద్దాం. తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడు ఈ ఏడాది మమ్మల్ని అడిగాడు. "మాస్టారూ, క్లబ్బు వాళ్లు బి టీముకు కెప్టెన్‌గా ఉండమంటున్నారు. కానీ నాన్నగారికి బదిలీ వచ్చేట్టుంది. మధ్యలో వెళ్లిపోయేవాణ్ణి, నాకెందుకండీ అది?"

ఆ ప్రశ్న మాకు కొత్త కాదు. మేమూ బదిలీల మీద బతికేవాళ్లమే. ప్రతి ఊళ్లోనూ "ఎలాగూ వెళ్లిపోతాం కదా" అనే మాట మన చెవిలో మోగుతూ ఉంటుంది. ఆ మాట విని ఇంట్లో అట్టపెట్టెలు సగమే విప్పుతాం. స్నేహాలూ సగమే చేస్తాం. మైదానంలో అయితే గీత బయట నిలబడి చప్పట్లు కొడతాం. అలా నాలుగు ఊళ్లు దాటేసరికి, ఏ ఊరూ మనది కాకుండా పోతుంది. రెండో జట్టు కెప్టెన్సీ చిన్న విషయమే. కానీ ఈ ఊరు మనల్ని లోపలికి పిలుస్తోందన్న మాట అందులో ఉంది. ఆ పిలుపుకు "ఎలాగూ వెళ్లిపోతాను" అని జవాబు చెప్పే ముందు కొంచెం లెక్క వేయాలి.

లెక్క ఇలా. ఈ ప్రాంతంలో క్రికెట్ ముఖ్యంగా చలికాలం ఆట. నవంబరు నుంచి ఫిబ్రవరి, మార్చి దాకా జోరుగా సాగుతుంది. బదిలీలు ఎక్కువగా విద్యా సంవత్సరం ముగిసే వేళకు, ఎండాకాలంలో వస్తాయి. అంటే ఒక సీజన్ నడపడానికి చాలాసార్లు వ్యవధి ఉంటుంది. క్లబ్బు అడుగుతున్నది జీవితకాలం కాదు, ఒక్క సీజనే.

ఒకవేళ ఆర్డరు జనవరిలోనే వచ్చేస్తే? దానికి మొదటి నియమమే దారి చూపింది. కెప్టెన్ లేనప్పుడు మరొకరు ఆ పని చేయాలి. కాబట్టి ఒప్పుకునే రోజునే మూడు పనులు చేయండి. మొదటిది, బదిలీ అవకాశం ఉందని కార్యదర్శికి ముందే చెప్పండి, దాచవద్దు. రెండోది, ఈ ఊళ్లోనే ఉండిపోయే ఒకరిని వైస్ కెప్టెన్‌గా అడగండి, ప్రతి నాలుగో మ్యాచ్‌లో టాస్ నుంచి చివరి ఓవరు దాకా ఆ వ్యక్తికే వదిలేయండి. మూడోది, ఫోన్ నంబర్లు, చందా లెక్కలు, ఎవరికి ఏ షిఫ్టు అన్న వివరం ఒక నోటు పుస్తకంలో రాయండి. మీరు రైలెక్కే రోజున ఆ పుస్తకం చేతులు మారితే చాలు, జట్టు ఆగదు.

ఇంకో సంగతి ఉంది. నాలుగు ఊళ్ల నీళ్లు తాగిన మన పిల్లలకు ఒక విద్య తెలియకుండానే అబ్బుతుంది. కొత్తవాడి బాధ తెలుస్తుంది. తరగతిలో ఏ బెంచీ ఖాళీగా ఉందో వెతుక్కున్నవాళ్లం మనం. మధ్యాహ్నం డబ్బా ఎవరి పక్కన కూర్చుని తెరవాలో తెలియక నిలబడ్డవాళ్లం. ఫైన్ లెగ్‌లో ఒంటరిగా నిలబడ్డ కుర్రవాణ్ణి గుర్తుపట్టాలంటే మనకంటే ఎవరికి బాగా తెలుసు? పైగా మనకు రెండు మూడు భాషలు వచ్చి ఉంటాయి. ఈ ఊరి మైదానంలో హిందీ, బెంగాలీ, ఒడియా, తెలుగు, సంతాలీ, హో మాట్లాడేవాళ్లు కలిసి ఆడతారు. ఒక్కొక్కరినీ వాళ్ల పేరు సరిగ్గా పలికి పిలవగలిగితే, వాళ్ల భాషలో "శభాష్" అనడం నేర్చుకుంటే, ఫీల్డింగ్ దానంతటదే చురుకవుతుంది.

ఎప్పుడు వద్దనాలి?

ప్రతి పిలుపుకూ "సరే" అనాలని మేము చెప్పడం లేదు. కొన్ని సందర్భాల్లో వద్దనడమే జట్టుకు మేలు. పదో తరగతి, పన్నెండో తరగతి వాళ్లకు సీజన్ సరిగ్గా బోర్డు పరీక్షల మీదికి వస్తుంది. ఆడడానికి ఆదివారం సగం పూట దొరకవచ్చు, కానీ కెప్టెన్‌కు శనివారం సాయంత్రం, గురువారం నెట్స్ కూడా కావాలి. అంత సమయం లేకపోతే ఒప్పుకోకండి. ఇంట్లో వాళ్ల అనుమతి లేకపోయినా ఒప్పుకోకండి. బౌలింగ్‌లోనో బ్యాటింగ్‌లోనో మీరే ఇంకా నిలదొక్కుకునే దశలో ఉండి, ఓవర్ల లెక్కలు మీ ఆటను చెడగొడతాయనిపిస్తే ఒక ఏడాది ఆగండి. కేవలం పై జట్టుకు మెట్టుగా వాడుకోవాలనుకుంటే అసలే వద్దు. నాలుగో వారానికల్లా జట్టుకు ఆ సంగతి తెలిసిపోతుంది.

మొహమాటానికి ఒప్పుకుని మధ్యలో చేతులెత్తేయడం అన్నిటికంటే చెడ్డది. వద్దనుకుంటే మొదటి రోజే, మర్యాదగా, కారణంతో చెప్పండి. "ఈ ఏడాది పరీక్షలున్నాయి సార్. ఆటగాడిగా తప్పకుండా వస్తాను. స్కోరు బుక్కు పని నాకివ్వండి." ఇలా చెప్పిన విద్యార్థిని ఎవరూ తప్పుపట్టరు.

ఒప్పుకున్నాక

ఒప్పుకున్నవారికి ఒక చిన్న పద్ధతి. నోటు పుస్తకంలో ప్రతి మ్యాచ్‌కూ ఒక పేజీ కేటాయించండి. పదకొండు పేర్లూ రాసి, ఒక్కో పేరు పక్కన ఆ రోజు ఆ మనిషికి ఏం దక్కిందో రాయండి. బ్యాటింగ్ వచ్చిందా? ఎన్ని ఓవర్లు వేశారు? ఎక్కడ నిలబడ్డారు? రెండు వారాలు వరుసగా ఒక పేరు పక్కన ఖాళీ కనిపిస్తే, మూడో వారం ఆ మనిషిని నాలుగో స్థానంలో బ్యాటింగ్‌కు పంపండి, లేదా మూడు ఓవర్లు ఇవ్వండి. పదో స్థానంలో పేరు రాసి, రోజంతా ఫైన్ లెగ్‌లో నిలబెట్టి, బ్యాటింగ్ రాకుండానే ఇంటికి పంపితే, ఎవరైనా మూడో ఆదివారం రావడం మానేస్తారు. కింది జట్లు ఎక్కువగా చెదిరిపోయేది ఓటముల వల్ల కాదు, ఇలా మానేసినవాళ్ల వల్ల.

ఈ పద్ధతి వల్ల ఒకటి రెండు మ్యాచ్‌లు ఓడిపోవచ్చు. ఆ సంగతి జట్టుకు ముందే చెప్పండి. గెలుపు కోసం గట్టిగా ఆడదాం, కానీ సీజన్ ముగిసేలోపు ప్రతి ఒక్కరికీ బ్యాటూ బంతీ రెండూ అందాలి అని మొదటి రోజే అందరూ కలిసి నిర్ణయించుకుంటే, తర్వాత గొడవలు తక్కువ.

అమ్మాయిలకు ఒక మాట. ఈ వ్యాసంలో చెప్పినవన్నీ మీకూ వర్తిస్తాయి. మీ జట్టు ఇంకా తయారవుతూ ఉండవచ్చు, పదకొండు మంది దొరకడమే కష్టం కావచ్చు. అలాంటి చోట కెప్టెన్ చేసే మొదటి పని ఇంటింటికీ వెళ్లి అడగడం. అదీ కెప్టెన్సీయే.

వచ్చే నవంబరులో సోనారిలోనో, కద్మాలోనో, టెల్కోలోనో, లేక మీరు అప్పటికి చేరిన మరో ఊళ్లోనో ఎవరో ఒకరు మిమ్మల్ని అడుగుతారు. సమయం ఉందా, ఇంట్లో ఒప్పుకున్నారా, మీరుంటే ఆ పదిమందికీ ఆట మెరుగవుతుందా అని చూసుకోండి. మూడింటికీ అవునని జవాబు వస్తే, బదిలీ భయం పక్కన పెట్టి, వైస్ కెప్టెన్‌గా ఎవరిని అడగాలో ఆ రాత్రే ఆలోచించండి.